మాలకొండయ్య తెచ్చిన ఫారం

ఒక్క కాగితం బరువెంతుంటుంది? పదేళ్లుగా మోస్తున్నాను. దింపుకోవడం చేతకావడం లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను గుంటూరు బ్రాడీపేటలో ఒక పత్రికకి స్టాఫ్ రిపోర్టర్ని. మాలకొండయ్య వినుకొండలో మా కంట్రిబ్యూటర్. వార్తలు కవర్లో పెట్టి బస్సులో పంపేవాడు. కంట్రిబ్యూటర్ల పేర్లు పేపర్లో వేసేవాళ్లు కాదు, అది మా ఆఫీసు పద్ధతి. కల్తీ విత్తనాలతో పత్తి పోగొట్టుకున్న రైతుల గురించి, ఒక సీజనంతా చేలగట్లు పట్టుకు తిరిగి, అతను రాసిన ఏడు కథనాలూ నా పేరుతోనే వచ్చాయి. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

ఒక మధ్యాహ్నం అతనే ఒక ఫారం పట్టుకొచ్చాడు. విదేశాలకి వెళ్లి పరిశోధించి రాసే విలేకరులకు ఏదో సంస్థ ఇచ్చే గ్రాంటు. ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించాడట.

“విత్తనం చెడితే వేరే దేశాల్లో రైతుకి దిక్కెవరో చూసొద్దామని సార్. ఇంగ్లీషులో మీరే నింపిపెట్టాలండి.”

“అచ్చయిన వాటి మీద నీ పేరుండాలంటయ్యా. నీకు కుదరదు.”

“అవి నేను రాసినయ్యేగా సార్?”

“నాకు తెలుసు. వాళ్లకేం తెలుసు?”

“అంతేలెండి,” అన్నాడు. ఫారం నా బల్ల మీదే వదిలేసి బస్సుకి వెళ్లిపోయాడు.

మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. పేరు లేకుండా అచ్చయితే, రాసింది ఇతనేనని ఆఫీసు నుంచి ఉత్తరం చాలు. కుదరదని అతనితో చెప్పే ముందే అది చదివాను. రాయడానికి ఐదు నిమిషాలు పట్టేది. కానీ రాస్తే, ఆ మెప్పంతా నాది కాదని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు కదా? భయమా అది? లేక విమానం ఎక్కాలన్న కక్కుర్తా? రెండూనేమో. అదే ఫారం మీద నా పేరు రాసి, ఆ ఏడు కథనాలూ జతచేసి పంపాను. నాకే వచ్చింది.

బయల్దేరే రోజు అతను ఆఫీసుకొచ్చాడు. నిలదీస్తాడేమో అనుకున్నాను. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసిచ్చాడు. అక్కడి రైతుల్ని అడగాల్సిన ప్రశ్నలు, వరసగా పద్నాలుగు. “మీరైనా వెళ్తున్నారు. అడిగి రండి సార్,” అన్నాడు.

అడిగాను. ఛీ, ఒక్కటీ వదలకుండా అడిగాను! తిరిగొచ్చి ఆ జవాబులన్నీ నా పేరుతో రాసుకుని శాలువాలు కప్పించుకున్నాను. ఆ కాగితం ఇంకా నా బీరువాలోనే ఉంది.

తర్వాత అతని కవర్లు తగ్గిపోయాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. ఆఫీసు ఉత్తరం ఒక్కటి చాలన్న సంగతి అతనికి తెలిసిందా? తెలిసే ఆ ప్రశ్నలిచ్చాడా? వినుకొండ బస్సు దాకా ఎన్నోసార్లు వెళ్లాను గానీ ఎక్కలేదు. పోయిన ఏడాది గుండెపోటుతో పోయాడని తెలిసింది. చూడ్డానికి కూడా వెళ్లలేదు. ఇక నన్ను తిట్టడానికైనా అతను లేడు.

ఆ ఏడు కథనాలూ రాసింది వినుకొండ మాలకొండయ్య. ఈ మాట రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.