కమిటీ అవ్వ వేయని వేలిముద్ర

మా ఆసుపత్రి కమిటీ అవ్వ ఇక లేదు. మొన్న పొద్దున వాళ్ల పల్లె ఆశా కార్యకర్త ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయిందట, ఏ బాధా పడలేదట. ఏడుపు రాలేదు గానీ, ఆమె నాకు పెట్టిన చీవాట్లన్నీ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నేను తాండూరు దారిలో ఓ చిన్న ట్రస్టు ఆసుపత్రిలో గుమాస్తాను. అవ్వది బంట్వారం వైపు పల్లె. గొర్లు కాసే ఇంటి మనిషి, అక్షరం ముక్క రాదు. మా నిర్వహణ కమిటీలో రోగుల తరఫున ఒకరుండాలని నియమం ఉంది. వైద్యానికి వచ్చిపోయే అవ్వను అందులో వేసుకున్నారు. ఈమె నోరెత్తదులే అనుకున్నారు పెద్దలు. మనుషులను అంచనా వేయడంలో మా పెద్దల తెలివి అంతంతమాత్రమే.

మీటింగు రోజు ఆమె మొదటి బస్సుకే దిగేది. నేరుగా లోపలికి వచ్చేది కాదు. ఓపీ బెంచి మీద రోగుల మధ్య గంటసేపు కూర్చుని, ఎవరు ఏ ఊరు, ఎట్లా వచ్చారు అని అందరినీ అడిగేది. లోపల కుర్చీ ఉంది కదా అంటే, "కుర్చీల కూసుంటే డాక్టరు కనవడ్తడు కొడుకా, బెంచి మీద కూసుంటే దవఖాన కనవడ్తది" అనేది. నాకప్పుడది చాదస్తంగానే తోచింది.

ఇక నా తప్పు చెప్పాలి. మీటింగు తీర్మానాలు ముందురోజే రాసిపెట్టుకోవడం నా అలవాటు. చివరికి అధ్యక్షుడి మాటే నెగ్గుతుంది కదా అని ధీమా. కొన్నేళ్ల కిందట ఓసారి కాన్పుల గది మూసేసే విషయం వచ్చింది. ఇద్దరు నర్సులు మానేశారు, కొత్తవాళ్లు దొరకలేదు. గర్భిణులను ఇకపై తాండూరుకో వికారాబాదుకో పంపేద్దామన్నాడు అధ్యక్షుడు. అందరూ తలలూపి సంతకాలు పెట్టేశారు. నేను స్టాంపు ప్యాడు తీసుకెళ్లి అవ్వ ముందు పెట్టాను. ఆమె చేయి కొంగులో దాచుకుంది.

"జర సదువు కొడుకా."

"కాన్పుల గదిని మూసివేయాలని సభ్యులందరూ చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించారు" అని చదివాను.

"అందరంటే గండ్ల నేనున్ననా?"

"ఉన్నవు గద అవ్వా."

"నేనింక నోరే ఇప్పలే. నా మాట నువ్వెట్ల రాస్తివి?"

నా ముఖం మాడిపోయింది. అధ్యక్షుడు సర్దిచెప్పబోయాడు. "నర్సులు లేరవ్వా, ఏం చెయ్యమంటవ్?"

"పొద్దుగాల బెంచి మీద ఒక పిల్ల కూసున్నది. నెలలు నిండినయి. రెండు ఆటోలు మారొచ్చింది. తాండూరు పొమ్మంటే పోతది సారూ. బస్సు వచ్చేదాంక నొప్పులు ఆగుతయా?"

అధ్యక్షుడు ముందున్న కాగితాలు సర్దుకున్నాడు. ఆమే మళ్లీ అందుకుంది. "మా కాడ గొర్లు కాసెటోడు పడకేస్తె మందను ఇడిసిపెట్టం. ఇంటికొకరం వంతులేసుకుంటం. మీరు గంత సదువుకున్నరు, మీకు వంతులు రావా?"

ముందుగా కమిటీలో ఉన్న డాక్టరమ్మ నవ్వేసి, "నా పేరు రాయండి" అంది. ఓపీ నర్సులను, ఊళ్లోనే ఉంటున్న ఓ రిటైర్డు సిస్టరును కలుపుకుని అక్కడే వంతుల పట్టీ వేశాం. నేను పాత తీర్మానం కొట్టేసి, అందరి ముందూ కొత్తది రాసి చదివాను. అప్పుడు వేసింది వేలిముద్ర. ఆ రోజు సిగ్గుతో చచ్చాను. ఇప్పుడు మాత్రం ఆమెకు రుణపడి ఉన్నానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కాన్పుల గది నేటికీ నడుస్తోంది.

నిన్న పల్లెలో అవ్వ ఇంటికి వెళ్లాను. పక్కింటి కోడలు చాయ్ తెచ్చిచ్చింది. "మీరు దవఖాన సారు గదా? మా పిల్ల మీ కాడనే పుట్టింది" అంది. ఆ గది కోసం మీటింగులో అవ్వ ఎట్లా కొట్లాడిందో చెప్పాను.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "అవ్వ మీటింగులకు పోతుండెనా? డాక్టరుకు సూపెట్టుకోను పోతుందనుకున్నం."

వెనక దొడ్డిలో ఆ పిల్లే మోకాళ్ల మీద కూర్చుని, తల్లిలేని గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. అది గుంజుకుంటుంటే రెండు చేతులా సీసాను గట్టిగా పట్టుకుని, "మెల్లగ తాగు, ఇంకున్నయి" అంటోంది.