శుక్రవారం మాల్ గేటు దగ్గర

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి, నాది ఊరి బడి చదువు. దోహాలో శుక్రవారం ఒంటరి మగవాళ్లను మాల్‌లోకి రానివ్వరు. అది మరచి, మనసులో మాట చెబుదామని ఇవాళ సత్యవతి గారిని అక్కడికే టీకి పిలిచాను. ఆమె ఓ ఇంట్లో వంట చేస్తారు. ఆమెకు భర్త లేడు, నాకు భార్య లేదు.

"చాచా, ఫ్యామిలీ కిధర్?" అని, కుటుంబం ఎక్కడని గార్డు ఆపాడు. నాకు హిందీ అర్థమవుతుంది, మాట్లాడటం రాదు.

ముందే లోపలికి వెళ్లిన ఆమె వెనక్కి వచ్చి, నేను తన భర్తనని హిందీలో చెప్పి తీసుకెళ్లారు.

టీ చల్లారాక అడిగాను. "మీరు ఉత్తగనే అన్నరా, నిజంగనే అన్నరా?"

"వచ్చే శుక్రవారం గార్డు మళ్లీ అడుగుతాడు కదండీ. అప్పుడు మీరే చెప్పండి."

హిందీలో ఏమనాలో గురువారంలోపు ఎవరైనా రాయండి.