పొగ లేని ఉడుకునీళ్లు

మా యారాలు పోయింది. నల్లగొండ దవాఖాన నుంచి మా ఇంటాయన ఫోన్ చేసినప్పుడు నేను వాకిట్ల నిలబడి యాత్రికులకు గది తాళం ఇస్తున్న. "వదినె లేదు" అన్నడు, అంతే. ముందట నిలబడ్డోళ్లు దూరం నుంచి వచ్చిండ్రు. పిల్లలకు పుట్టెంటికలు తీపించేది ఉంది, ఉడుకునీళ్లు ఎక్కడొస్తయని అడుగుతుండ్రు. వాళ్లకు ఆ మాట ఎట్ల చెప్పాలె? నల్లా చూపెట్టిన, బకెట్లు ఇచ్చిన, లోపలికొచ్చి తలుపు దగ్గరకేసుకోని కూలబడ్డ. నా జాగల ఆమె ఉన్నా గట్లనే చేసేది.

మీలో ఎవరన్న యాదగిరిగుట్టకు వచ్చి, కొండ కింద మా ఇంట్ల గది కిరాయికి తీసుకోని ఉంటే ఆమె మీకు యాదికుండొచ్చు. సన్నగ, పొడుగ్గ, కొంగు నడుముకు చెక్కుకోని తిరిగేది. బకెట్ల మోచెయ్యి ముంచి చూసినంకనే ఎవరికైనా నీళ్లిచ్చేది. పిల్లలకా, పెద్దోళ్లకా అని అడిగేది. పసిపిల్లలకు ఒక తీరు, మోకాళ్ల నొప్పులోళ్లకు ఒక తీరు. "దేవుని దగ్గరికి వణుక్కుంట పోవద్దు" అనేది.

యారాలంటే మా బావ భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చేసరికి ఆమె వచ్చి చాన ఏండ్లయింది. ఇద్దరం ఒక్క పొయ్యి మీదనే వండినం. కొట్లాడుకోలేదంటే అబద్ధమైతది. కూరల ఉప్పు గురించి, గదుల దుప్పట్లు నేను సరిగ పిండలేదని, చీపురు నిలబెట్టిన తీరు గురించి గూడ కొట్లాడుకున్నం. కోపమొస్తే ఆమె మాట్లాడకపోయేది, కానీ చాయ గిలాస తెచ్చి నా పక్కన పెట్టి పోయేది. నేను తాగితే కొట్లాట అయిపోయినట్టు.

రాష్ట్రం వచ్చినంక గుట్టకు జనం పెరిగిండ్రు. కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి ఎంతమందికని నీళ్లు కాగబెడ్తం? అప్పుడు మా బావ, మూతబడ్డ ఒక లాడ్జి నుంచి డీజిల్ బాయిలర్ కొనుక్కొచ్చిండు. బీరువా అంత ఇనుప డబ్బా. కింద డీజిల్ మంట, పైన నీళ్లు. స్విచ్ వేస్తే భగ్గుమని అంటుకునేది. పొగ గొట్టంలకెల్లి గోడ అవతలికి పోయేది. ఇంటెనక అర్రల బావనే సొంతంగ బిగించిండు. వచ్చినోళ్లందరికీ చూపెట్టి మురిసిపోయేటోడు.

కొన్నేండ్లకు గుండెనొప్పొచ్చి బావ ఒక్క పూటల పోయిండు. ఆ తర్వాత బాయిలర్ పని అక్క తన మీదేసుకున్నది. మంట సరిగ రాకపోతే నేలమీద కూసోని, డీజిల్ చిమ్మే మూతిని పాత బ్రష్ తోటి కడిగేది. దసరాకు దానికి పసుపు కుంకుమ పెట్టేది. ఆ అర్రలకెల్లి బయటికొచ్చేసరికి ముక్కుపుటాలు నల్లగ ఉండేవి. దగ్గు అప్పుడే మొదలైంది. జర తలుపు తెరిచి పెట్టక్కా అంటే, తెరిస్తే మంట ఆరిపోతది, నా దగ్గు నాకే గద, యాత్రికులకు కాదు గద అనేది.

ఆ మాట ఎక్కువ కాలం నిలువలే. ఒక చలికాలం పొద్దున, మక్తల్ దిక్కు నుంచి ఒక కుటుంబం వచ్చి దిగింది. వాళ్ల కోడలు కడుపుతోటి ఉండె. స్నానానికి పోయిన పిల్ల ఎంతసేపటికీ పలుకలే. అక్కనే భుజం పెట్టి తలుపు నూకింది. ఆ పిల్ల గోడకు ఒరిగి పడి ఉన్నది, లోపలంత ఘాటు వాసన. దుప్పటి చుట్టి వాకిట్లకు మోసుకొచ్చినం. గాలి తగిలినంక కండ్లు తెరిచింది. దవాఖానకు తీసుకపోతే తల్లికి, కడుపులున్న బిడ్డకు ఏం కాలేదన్నరు. గోడ లోపల పొగగొట్టం తుప్పు పట్టి చిల్లులు పడ్డదని, ఆ పొగ స్నానాల అర్రలకు వస్తున్నదని అప్పుడు తెలిసింది.

ఆ పిల్ల అత్త మమ్మల్ని తిట్టలే. సామాను సర్దుకోని పోయేముందు అక్క ముందట నిలబడి, "మొక్కు తీర్చనీకి వచ్చినం బిడ్డా, ప్రాణాలు ఇయ్యనీకి కాదు" అన్నది. అక్క చేతులు జోడించింది. ఆ దినం ఆమె అన్నం ముట్టలే. పోయి డీజిల్ నల్లా కట్టేసొచ్చి, ఇది ఇగ ఈ ఇంట్ల అంటుకోదని చెప్పింది.

మా ఇంటాయన ఒప్పుకోలే. గొట్టం మారిస్తే సరిపోతది గద, అన్న చేతుల మీద పెట్టింది ఎట్ల తీసేస్తమని అన్నడు. బావ పోయినంక ఆ ఇనుప డబ్బనే ఆయనకు అన్న లెక్క అయింది. అక్క అన్నది:

"మీ అన్న మంచోడే. ఆయన పెట్టింది మంచిది కాదు. రెండూ నిజమే."

ఆ మాట మీద ఆయన లేచి బయటికి పోయిండు.

మిద్దె మీద పెట్టే సోలార్ హీటర్ తెప్పించింది. అద్దం గొట్టాలల్ల నీళ్లు ఎండకు కాగి పైన ట్యాంకుల నిలువ ఉంటయి. దుకాణపోళ్లు సామాను గడప ముందట దించి పోయిండ్రు. బిగించేటోళ్లు రేపొస్తం, ఎల్లుండొస్తం అనుకుంట తిప్పించుకున్నరు. కార్తీకమాసం, గదులన్ని ఖాళీగ ఉన్నయి, ఉడుకునీళ్లు లేక వచ్చినోళ్లను వాపస్ పంపుతున్నం. ఇగ ఎవరి కోసం చూసేది లేదు, మనమే చేద్దమన్నది. బావ బాయిలర్ బిగించేటప్పుడు పక్కన పానాలు అందించింది ఆమెనే. పెట్టింది చూసినదాన్ని విప్పలేనా అన్నది.

ముందుగాల డీజిలంత డబ్బాలల్లకు దించినం. నీళ్లు ఒంపితే నల్లగ, బురద లెక్క వచ్చినయి. నట్లు తుప్పు పట్టి కదలకపోతే కిరసనాయిలు పోసి నానబెట్టింది, అప్పటికీ రానివాటిని ఆక్సా బ్లేడు తోటి కోసింది. నాలుగు గీకులు గీకి దగ్గేది, గోడకు ఆనుకునేది, మళ్ల గీకేది. నాకియ్యమంటే, మీ బావ చేత్తో బిగించినయి, నా చేత్తోనే పోనియ్యి అన్నది. ఆఖరి నట్టు ఊడినప్పుడు దాన్ని పిడికిట్ల పట్టుకోని కాసేపు అట్లనే కూసున్నది. నేను బయటికొచ్చి నిలబడ్డ.

బరువు సామాను మిద్దె మీదికి ఎక్కించే కాడ మాతోటి కాలే. మా ఇంటాయన ఎప్పుడొచ్చిండో వచ్చి తాడు అందుకున్నడు. పైకి గుంజిండు, స్టాండు బిగించిండు, చేతులు కడుక్కోని పోయిండు. మబ్బు పట్టిన దినాలకని పెట్టే కరెంటు హీటర్ పని మాత్రం తెలిసినాయన తోటి చేపించింది. దానితోటి మొండితనం పనికిరాదన్నది.

అద్దం గొట్టాలకు సబ్బునీళ్లు రాసి, మెల్లగ తిప్పుకుంట ట్యాంకు రబ్బరు రింగులల్లకు ఎక్కించినం. అయిపోయేసరికి నడిఎండ. తొందరల నేను పైనున్న తొట్టి నల్లా తిప్పిన, ఆమె సరే అన్నది. సల్లనీళ్లు తగలంగనే ఎండకు మండుతున్న గొట్టాలు రెండు టప్పుమని పగిలినయి. నాకు ఏడుపొచ్చింది. ఆమె గాజుపెంకులు ఏరుకుంట, "ఉడుకు మీద సల్లగ పోస్తే మనుషులే పగులుతరు, గాజెంత" అన్నది. దుకాణం నుంచి వేరే గొట్టాలు తెచ్చి, తెల్లారి ఎండ రాకముందే నీళ్లు నింపినం.

మొదటి దినం నీళ్లు కాగినంక బకెట్ నింపి, నన్ను పిలిచి, ఫస్టు నువ్వు పోసుకోమన్నది. యాత్రికులకు తర్వాత అన్నది. ఎందరికో నీళ్లు కాగబెట్టిన ఇంట్ల, నా కోసమని ఎవరన్న బకెట్ నింపింది అప్పుడే. తలుపు ఏసుకోని, ఆ నీళ్లు పోసుకుంట ఏడ్చిన. తర్వాత ఆమెకు నేను నింపిచ్చిన.

బాయిలర్ పోయింది గానీ దగ్గు పోలే. ఏండ్లు గడిచినకొద్ది మెట్లెక్కితే ఆయాసం, మాట్లాడితే ఆయాసం. ఊపిరితిత్తులు గట్టిపడ్డయని దవాఖానల చెప్పిండ్రు. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, చుట్ట గానీ బీడీ గానీ తాగుతవా అమ్మా అని అడిగిండు. మా ఇంటాయన మొఖం ఎర్రగయింది. అక్క ఆయన చెయ్యి పట్టుకోని ఆపింది.

"తాగలే సారూ, కాగబెట్టిన" అన్నది.

ఆ పొగ వల్లనే అని ఆయన కచ్చితంగ చెప్పలే. కాదని గూడ అనలే. మా ఇంటికి ఆ ఒక్క మాట తెలువకపోవుడే పెద్ద బాధయింది. మా ఇంటాయన ఇప్పుడు అన్న ఫొటో ముందట నిలబడ్డప్పుడు ఏమనుకుంటడో నేను అడుగలే. నాకైతే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలెనో సమజ్ కాదు. బావ మా కష్టం తక్కువ చెయ్యాలనే తెచ్చిండు. ఆమె ఆయన యాది అనుకోనే దాని పక్కన కూసున్నది. యాత్రికుల కోసం తీసేసింది, తనకు మాత్రం ఆలస్యమయింది. ఈ ముక్క ఆమె ఎన్నడు అనలే. ఆఖరి నెలలల్ల గూడ, మక్తల్ పిల్లకు బిడ్డ పుట్టిందో కొడుకు పుట్టిండో కనుక్కోకపోతిమి అని మాత్రం అనేది.

మధ్యాహ్నం దవాఖాన నుంచి ఆమెను తీసుకొచ్చిండ్రు. వాకిట్ల పండబెట్టినం. ఆఖరి స్నానానికి నీళ్లు కావాలె. మిద్దె మీద ట్యాంకు నిండ ఉడుకునీళ్లున్నయని నేనన్న. పెద్దోళ్లు వినలే. కొత్త కుండల, మూడు రాళ్ల మీద, కట్టెలతోటే కాగాలె అన్నరు. ముందు దినం పడ్డ వానకు కట్టెలు తడిసి ఉన్నయి, మంట అంటుకోక తెల్లటి పొగ లేచింది. ఆడోళ్లందరు ముక్కులకు కొంగులు పెట్టుకోని పక్కకు జరిగిండ్రు. పొగ మెల్లగ ఆమె దిక్కు పోతాంది.

నేను పోయి ఆమె తల పక్కన నిలబడ్డ. నీళ్లు కాగిందాక అక్కడినుంచి కదలలే. గాలి ఎటు తిరిగితే అటు తిరిగిన, కొంగు రెండు చేతులతోటి అడ్డం పట్టుకోని.