మూడో బండిమీది ముసుగు

న్యూ ఆర్లియన్స్‌లో కార్నివాల్ పండక్కి ఊరేగింపు తీసే ఒక పేటవాళ్ల క్లబ్బుకి ఒక్టేవ్ థెరియో కెప్టెన్. ఊరేగింపు రోజున బండ్లమీద ఉన్నవాళ్లందరికీ ముసుగులుంటాయి. వాటి కింద ఉన్నది తన క్లబ్బువాళ్లేనని ఆయన ఎన్నడూ నమ్మడు. కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని, ఒక్కో బండి పక్కనే గుర్రంమీద వెళుతూ, నిలబడే తీరునీ భుజం విసురునీ బట్టి మనిషిని పోల్చుకుంటాడు. తన చోటులో పరాయివాణ్ణి ఎక్కించిన సభ్యుణ్ణి క్లబ్బులోంచి తీసేయాలని నియమం పెట్టింది ఆయనే.

ఈ ఏడు మూడో బండిమీద, మార్సెల్ గిడ్రీ చోటులో ఉన్నవాడు జనంలోకి పూసలదండలు ఎడంచేత్తో విసురుతున్నాడు. మార్సెల్‌ది కుడిచేతివాటం. బండి ఆగగానే ఒక్టేవ్ గుర్రం దిగి పైకెక్కాడు.

"ఎవడివిరా నువ్వు? మార్సెల్ బావమరిదివా? ముసుగు తియ్యి!"

"ఊరేగింపులో ముసుగు తియ్యకూడదన్నది నువ్వేగా కెప్టెన్," అని పక్కనున్న ముసుగువాడు నవ్వాడు.

"నువ్వు నోర్ముయ్. ఏరా, పలకవేం?"

"నేనే మార్సెల్‌ని, ఒక్టేవ్." ఆ మాట ఒక పక్కకి జారిపోతూ వచ్చింది. "చలికాలంలో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి లేవట్లేదు. చెప్తే ఇంట్లో కూర్చోమంటావని దాచాను."

అది మార్సెల్ గొంతే. అయినా ఒక్టేవ్ వంగి ముసుగు కంతల్లోంచి కళ్లలోకి చూశాడు. బండిమీంచి పడిపోకుండా కట్టుకునే నడుం పట్టీ లాగి చూశాడు. ఒంటిచేత్తో పెట్టుకోలేక కొక్కెం వదిలేసినట్టున్నాడు. దాన్ని తనే బిగించాడు.

"వీడు కిందపడితే నిన్నే అడుగుతాను," అన్నాడు పక్కవాడితో. మెట్లు దిగబోతూ ఆగి, వాణ్ణి ఎగాదిగా చూశాడు. "అవునూ, ఇంతకీ నువ్వెవడివి?"