కవర్లో కట్టిన వేడి ముద్ద

వరసగా మూడో నెల కూడా క్యాలెండర్‌లో బిడ్డ నెలసరి తేదీకి సున్నా చుట్టే పని పడలేదని గమనించిన రోజు నాకు భయం పట్టుకుంది. మా హేమ తొమ్మిదో తరగతి. పన్నెండో ఏట మొదలైన నెలసరి రెండేళ్లు సరిగానే వచ్చి ఆగిపోయింది.

"వయసు బిడ్డకు అట్లే ఉంటాది. ఆస్పత్రులు తిప్పితే రేపు పెండ్లి ఎట్ల?" అంది మా అత్త. ఆ మాటకు లొంగి ఇంకో రెండు నెలలు ఊరుకున్నాను. నోరు ఊరుకుందే గానీ మనసు ఊరుకోలేదు. హేమ బాత్‌రూమ్‌లోంచి వచ్చిన ప్రతిసారీ దాని మొహంలోకి చూసేదాన్ని.

చివరికి రాబర్ట్‌సన్‌పేటలో ఒక లేడీ డాక్టరుకు చూపించాను. థైరాయిడ్, హార్మోన్ టెస్టులు, స్కానింగ్. రిపోర్టులు వచ్చాక హేమను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను.

"పీసీఓఎస్. హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే జబ్బు" అన్నారు డాక్టరమ్మ. తిండి గురించి అడిగితే గొప్పగానే చెప్పాను.

"స్కూలుకు దినమూ రాగిముద్దే మేడమ్. దించిన వెంటనే కవర్లో కట్టేస్తాను. మధ్యాన్నం దాకా మెత్తగా ఉంటాది."

"చారు?"

"అదీ కవర్లోనే."

ఆమె రాయడం ఆపారు. "దీనికి ప్లాస్టిక్కే కారణమని చెప్పలేనమ్మా. కారణాలు చాలా ఉంటాయి. కానీ వేడికి కవర్లోంచి సన్నటి నలుసులు, కెమికల్స్ తిండిలోకి దిగుతాయి. అవి హార్మోన్లను చెడగొడతాయని అనుమానం ఉంది. ఎదిగే పిల్ల, మానేయండి."

ముద్ద పెచ్చు కట్టకూడదని పడిన తాపత్రయంతో బిడ్డకు నా చేతులతోనే ఏం పెట్టానో అని ఆ రోజంతా కాలు ఒకచోట నిలవలేదు.

మాత్రలతో నెలసరి వచ్చింది. వచ్చి, పద్దెనిమిది రోజులు ఆగలేదు. స్కూలు ప్రేయర్‌లో కళ్లు తిరిగి పడిపోతే కోలారు ఆస్పత్రిలో చేర్చాం. అక్కడ మంచం మీద నా కొంగు పట్టుకుని అడిగింది.

"మా, నాకు బిడ్డలు పుట్టరు కదా?"

"ఎవురు చెప్పినారే అట్ల?"

"ఎవురూ చెప్పలేదు. ఆ పొద్దు నన్ను బయట కూసోబెట్టి నువ్వు లోపల మాట్లాడినావు. ఇంగ అదే అనుకున్నాను."

అన్ని రోజులు ఒక్కతే మోసింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. డ్యూటీ డాక్టరు హేమతోనే చెప్పారు: "అట్లాంటిదేమీ లేదమ్మా. మందులు వాడి, రోజూ నడిస్తే సర్దుకుంటుంది."

ఇప్పటికి ఏడాదైంది. మందు మార్చారు. నెలసరి కాస్త అటూ ఇటూగా వస్తోంది. ముద్ద స్టీలు క్యారియర్‌లో వెళ్తోంది, పెచ్చు కట్టిందని సణుగుతూనే తింటోంది. ప్లాస్టిక్ వల్లేనా అంటే నాకు ఇప్పటికీ తెలియదు, ఆ బెంగ పోలేదు.

తల్లులకు ఒకటే చెబుతాను. రిపోర్టు చూపించే రోజు బిడ్డను మీతోపాటే లోపలికి తీసుకెళ్లండి. బయట కూర్చున్న పిల్ల డాక్టరు అనని మాటలు కూడా వింటుంది.