మా అత్తయ్య పాలు పితికే వరస

మా ఇంట్లో పెద్దవాళ్లకు ఉన్న గౌరవం మనుషులతో ఆగేది కాదు, గొడ్ల సావిడి దాకా వెళ్లేది. మాకు మూడు ఆవులుండేవి. ఒకటి ముసలిది, రెండోది దాని కూతురు, మూడోది ఆ కూతురికి పుట్టి ఆ ఏడే తొలిసారి ఈనింది. మా మేనత్త వాటిని ఎప్పుడూ ఆ వరసలోనే పితికేది. ముందు అమ్మమ్మ, తరవాత అమ్మ, ఆఖర్న మనవరాలు. మనవరాలి పొదుగు నిండిపోయి పాలు వాటంతటవే కారుతున్నా సరే, ముసలమ్మ తాపీగా చేపి తన పాలు తాను ఇచ్చేదాకా అది నిలబడి ఉండాల్సిందే. పెద్దంతరం చిన్నంతరం లేకపోతే ఇల్లు ఏమైపోతుందని అత్తయ్య అడిగేది. ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు గనక ఆవిడ మాటే నిజమని అందరం నమ్మాం.

అత్తయ్య మా నాన్నగారికి అక్క. ముదినేపల్లి దగ్గర అత్తవారింట్లో భర్త పోయాక మా ఇంటికి వచ్చేస్తూ ఆవిడ ఒక ట్రంకు పెట్టె, ఒక ఆవు వెంట తెచ్చుకుంది. ఆ ఆవే ఇప్పటి ముసలిది. ఊళ్లో ఎవరైనా పొరపాటున "మీ తమ్ముడిగారి ఆవులు" అంటే ఆవిడ నడుస్తున్నది ఆగి, వెనక్కి తిరిగి, "నా ఆవులు" అని చెప్పి మరీ కదిలేది. తమ్ముడి ఇంట్లో తమ్ముడి అన్నం తింటూ ఆవిడ ఎవరికీ తల వంచకుండా తిరగగలిగిందంటే ఆ మూడు పొదుగుల బలం మీదే. దేవుడికి పాలు, నాన్నగారికి పెరుగు, మా అందరికీ మజ్జిగ, నెయ్యి అన్నీ ఆవిడ చేతి మీదుగా రావలసిందే. సావిట్లో మా అమ్మకు కూడా ప్రవేశం లేదు.

ఆ చేతి గురించి కొంచెం చెప్పాలి. అత్తయ్య తెల్లవారుతూనే నూతి దగ్గర తలస్నానం చేసి తడిబట్టతో సావిట్లోకి వెళ్లేది. దారిలో పిల్లి తగిలితే మళ్లీ స్నానం. నేను తగిలితే రెండుసార్లు. అంత మడి. అయితే ఆ చెయ్యి ఒకసారి పొదుగును అంటుకున్నాక మూడు ఆవులూ అయ్యేదాకా నీటి చుక్కను చూసేది కాదు. ఆవుపాలు అంటిన చెయ్యి కడిగితే ఆ నీళ్లు నేల మీద పడతాయి, పడితే ఎవరో తొక్కుతారు, తొక్కితే పాపం. అందుకని ఆవిడ ముసలిదాని పాలతో తడిసిన చేతిని రెండోదాని పొదుగుకు రాసేది, రెండోదాని పాలను మూడోదానికి. పెద్దదాని చలవ చిన్నదానికి అందాలట. అందకుండా ఎలా ఉంటుంది?

ఆ ఏడు వానాకాలంలో కొల్లేరు పొంగి నీళ్లు పొలాల మీదుగా మా దొడ్డి గట్టు దాకా వచ్చాయి. సావిట్లో చీలమండ లోతు బురద. ఆవులు అందులోనే పడుకునేవి, అందులోనే లేచేవి. అదే నెలలో మా నాన్నగారు గ్రామ పారిశుద్ధ్యం మీద మూడు ఉపన్యాసాలు ఇచ్చారు. ఆయన మా ఊరి గ్రంథాలయానికి అధ్యక్షులు. పుస్తకాల బీరువా మా ఇంటి ముందుగదిలోనే ఉండేది, తాళంచెవి పక్కనే మేకుకు వేలాడేది. సభ్యులందరూ కలిసి చదివిన వాటికంటే ఎక్కువ పుస్తకాలు సభ్యత్వం లేని నేను చదివాను. ఆ సంగతి అధ్యక్షులవారికి తెలియదు.

మొదట ముసలిదానికి ఒక వెనక చన్ను గట్టిపడింది. పొదుగు ఆ పక్క ఎర్రబారి కాలిపోయేది. పాలు పలచబడి, వాటిలో విరిగిన పెరుగు లాంటి పలుకులు వచ్చేవి. పది రోజుల్లో ఆ చన్ను ఒట్టిపోయింది. అత్తయ్యకు కారణం కనిపెట్టడానికి క్షణం పట్టలేదు. అంతకు ముందు వారం ఎదురింటావిడ మజ్జిగకు వచ్చి, సావిడి వైపు చూసి, "ఎంత పొదుగులండీ మీ ఆవులవి!" అంది. ఇంకేం కావాలి? ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో పోశారు. ఇల్లంతా దగ్గాం. ఆవు ఒక్కటే దగ్గలేదు.

తరవాత రెండోదానికి వచ్చింది. మళ్లీ ఉప్పు, మళ్లీ మిరపకాయలు.

నాకు డైరీ రాసే అలవాటుంది. నలుగురిలో నోరు తెరవలేని మనిషికి సాయంత్రానికి చాలా మాటలు మిగిలిపోతాయి, వాటిని ఎక్కడో ఒకచోట పెట్టాలి. ఇంట్లో విశేషాలు తక్కువ గనక ఆవుల సంగతులే ఎక్కువ రాశాను. ఏ రోజు ఏ ఆవు తన్నింది, ఏ చన్ను వాచింది, ఎన్ని చెంబుల పాలు వచ్చాయి. ఒకనాడు ఆ పేజీలు తిరగేస్తుంటే ఒక వింత కనిపించింది. ఎదురింటావిడ దిష్టి మా అత్తయ్య పితికే వరసలోనే తగులుతోంది! ముందు అమ్మమ్మకు, తరవాత అమ్మకు. కళ్లలో నిప్పులు పోసుకోదలచిన మనిషి నిగనిగలాడే పడుచుదాన్ని వదిలి పళ్లూడిన ముసలిదాని మీద ఎందుకు పోసుకుంటుంది? అంత మర్యాద తెలిసిన దిష్టి కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఇంకెక్కడా ఉండదు. ఈ లెక్కన తరవాతి వంతు మనవరాలిది.

వంతు వచ్చింది. ఒక ఉదయం చిన్నది అత్తయ్యను తన్ని చెంబు దొర్లించింది. ఒక చన్ను వెచ్చగా ఉంది.

ఆ సాయంత్రం నాన్నగారు అరుగు మీద పేపరు చదువుకుంటూ, పేపరులోంచే మాట్లాడారు.

"అక్కయ్యా, ఒట్టి గొడ్లను మేపే రోజులు కావు ఇవి. దసరా వెళ్లాక చింతలపూడి వైపు నుంచి బేరగాడు వస్తాడు. చిన్నది పాలిస్తుండగానే ఇచ్చేస్తే దానితో కలిపి మిగతా రెంటినీ తీసుకుపోతాడు."

"నన్నెవరితో కలిపి ఇస్తావురా?" అంది అత్తయ్య.

నాన్నగారు పేజీ తిప్పారు. ఆయన కఠినుడు కాడు. కఠినుడు కాడు గనకే ఆ రాత్రే ఏలూరు పశువుల డాక్టరుకు ఉత్తరం రాశారు. ఎటొచ్చీ పాలిచ్చే ఆవుకే బేరం పలుకుతుంది కదా.

డాక్టరుగారు గుండుగొలనులో బస్సు దిగి మా బండి మీద వచ్చారు. బూట్లు చేత్తో పట్టుకుని బురదలో దిగారు. అత్తయ్య వంటింటి గుమ్మం వెనక, నేను సావిడి పక్క గది కిటికీ వెనక. ఆయన జేబులోంచి నల్లగుడ్డ తీసి, ఒక్కో చన్ను నుంచి నాలుగు ధారలు దాని మీద పిండి, వెలుతురులోకి పట్టుకుని చూశారు.

"ఎవరండీ పితికేది?"

"మా ఆడవాళ్లండి," అన్నారు నాన్నగారు, లోపల ఒక పటాలం ఉన్నట్టు.

"ఒక ఆవు అయ్యాక చేతులు కడుక్కుని ఇంకో ఆవు దగ్గరకి వెళ్తారాండీ?"

"అబ్బే, మా ఇంట్లో మడి చాలా ఎక్కువండి."

"మడి కాదండీ నేనడిగేది. నీళ్లు."

నాన్నగారు ఆకాశం వైపు చూశారు. డాక్టరుగారు ఒక్కొక్కటే చెప్పారు. పెద్దవాటికి పోయిన చన్నులు తిరిగి రావు. చిన్నదానికి ఇప్పుడే మొదలైంది, ఇంకా చేతిలో ఉంది. దాన్ని ముందు పితకాలి, ముసలిదాన్ని ఆఖర్న. ఆవుకూ ఆవుకూ మధ్య కలరా రోజుల్లో నూతుల్లో వేసే ఊదారంగు మందు కలిపిన నీళ్లతో చేతులు, పొదుగు కడగాలి. రోజూ మొదటి ధారలు నల్లగుడ్డ మీద చూడాలి. వాచిన చన్నును అన్నిటికంటే చివర, వేడినీళ్ల కాపడం పెట్టి రోజుకు ఐదారుసార్లు పిండేయాలి. కింద బురద ఉండకూడదు. మందు పొట్లం ఇచ్చి ఆయన వెళ్లిపోయారు.

"ఏమన్నాడురా?" అత్తయ్య బయటికి వచ్చింది.

"కాపడం పెట్టమన్నాడు. సావిట్లో ఇసక పోయించమన్నాడు."

"అంతేనా?"

"అంతే."

వేదిక ఎక్కితే సీమదొరలను సైతం గడగడలాడించే మా నాన్నగారు అక్కగారితో చేతులు కడుక్కోమని చెప్పలేకపోయారు. మందు పొట్లం గ్రంథాలయం బీరువా మీదకు చేరింది.

కాపడం పెట్టారు, ఇసక పోశారు. చిన్నదాని వాపు సాయంత్రానికి తగ్గేది. మర్నాడు ఉదయం అమ్మమ్మనూ అమ్మనూ పలకరించి వచ్చిన చెయ్యి తగలగానే మళ్లీ పెరిగేది. డాక్టరుగారి మాటలు విన్నది ఇంట్లో ఇద్దరమే. ఒకరు మరిచిపోయినట్టు నటిస్తున్నారు. రెండోదాన్ని నేను. రెండు రోజులు డైరీలో ఒకే వాక్యం సాధన చేశాను. "అత్తయ్యా, చేతులు" దాకా బాగానే వచ్చేది. అక్కడినించి కలం కదిలేది కాదు. ఊరంతటికీ మడి నేర్పిన మనిషితో మీ చెయ్యి మురికి అని ఏ భాషలో చెబుతారు? అన్ని పుస్తకాలు చదివాను, ఒక్కదానిలోనూ లేదు.

మూడో రోజు నాన్నగారి పాత గొడుగు గుడ్డ కోసి, చెంబు మూతికి కట్టి, సావిట్లోకి వెళ్లాను. అత్తయ్య అప్పుడే ముసలిదాని పక్కన గొంతుక్కూర్చుంది.

"ఏమిటే అది? పొద్దున్నే నా సావిట్లో గొడుగు గుడ్డేమిటి?"

"చిన్నదాన్ని ముందు పితకండి అత్తయ్యా."

"ఎవరన్నారు?"

"డాక్టరుగారు."

"నీతో ఎప్పుడన్నాడు?"

"నాతో కాదు, నాన్నగారితో. నేను కిటికీ దగ్గర..."

"ఓహో! పెళ్లివారొచ్చి పేరడిగితే నోట్లో నాలుకుండదు గానీ, కిటికీ దగ్గర చెవులు మాత్రం బారెడు. ముసలిదాన్ని కాదని నిన్న పుట్టినదానికి పీట వెయ్యనా? రేపు నీకు వడ్డించాక మీ నాన్నకి పెట్టమంటావు."

అది అంత చెడ్డ ఆలోచనగా నాకు తోచలేదు. కానీ ఆ సంగతి మాట్లాడే సమయం కాదు.

"ఒక్కసారి ఈ గుడ్డ మీద పిండి చూడండి," అన్నాను. చెంబు ముందుకు చాచాను.

నన్ను ఓడించడానికే ఆవిడ పిండింది. అదీ ముసలిదాని బాగున్న చన్ను నుంచి. చెంబులోకి పడితే పాలలో పాలుగా కలిసిపోయేవే, నల్లగుడ్డ మీద సన్నటి పలుకులై నిలిచాయి. అత్తయ్య ఒక పలుకును వేళ్ల మధ్య నలిపింది. లేచి రెండోదాని దగ్గరకు వెళ్లబోయి, ఆగి, తడిగా ఉన్న తన చేతిని చూసుకుంది.

"ఇది దాని నుంచి దీనికి..." అన్నాను. మిగతాది రాలేదు.

"నోరు విప్పావుగా. పూర్తిగా విప్పు."

"మీ చేత్తోనే వెళ్లింది అత్తయ్యా."

ముసలావు నెమరేస్తోంది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందని భయపడ్డాను. అత్తయ్య అడిగింది వేరు.

"కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తావు? ఎవరి కాళ్ల కిందా పడకూడదు."

"అరటి పాదులో. కడగడానికి డాక్టరుగారిచ్చిన మందు బీరువా మీద ఉంది."

"ఆ మందేదో పట్రా."

ఆ రోజునుంచి వరస తిరగబడింది. మనవరాలు, అమ్మ, అమ్మమ్మ. ఆవుకూ ఆవుకూ మధ్య ఊదారంగు నీళ్లు. వాచిన చన్నుకు కాపడం అన్నిటికంటే చివర. అత్తయ్య అరచేతులు నెల తిరిగేసరికి వక్కపొడి రంగుకు వచ్చాయి. ముసలిది మాత్రం అవమానం భరించలేక వారం రోజులు తన వంతు కాకుండానే అరిచింది. గుడ్డ మీద చిన్నదాని పలుకులు ఒక రోజు తగ్గేవి, ఒక రోజు పెరిగేవి. పెరిగిన రోజు అత్తయ్య అన్నం సగంలో వదిలేసేది. ఎదురింటావిడ ఆశ్చర్యపోయి, "ఇదేంటండీ, చిన్నదాన్ని ముందు పితుకుతున్నారు?" అని అడిగితే, "మా అత్తవారి వైపు ఆచారమండీ" అంది. దిష్టి మాట మళ్లీ ఎత్తలేదు. కారణం చెప్పకుండా ఒక గిన్నెడు గడ్డ పెరుగు మాత్రం ఆ ఇంటికి పంపింది.

దసరా వెళ్లాక బేరగాడు రానే వచ్చాడు. నాన్నగారు వెంటబెట్టుకుని సావిట్లోకి తీసుకొచ్చారు. అతను చిన్నదాని చుట్టూ తిరిగి, వంగి పొదుగు పట్టుకోబోయాడు.

"ఆగు నాయనా," అంది అత్తయ్య. "చేతులు కడుక్కో."

"ఇప్పుడే కాలవలో కడుక్కుని వస్తున్నానండీ అమ్మగారూ."

"ఆ కాలవలో నీకంటే ముందు ఎన్ని గేదెలు కడుక్కున్నాయో! ఇదిగో, ఇందులో ముంచు."

అతను నాన్నగారి వైపు చూశాడు. నాన్నగారు దూలాలు లెక్కపెడుతున్నారు. అతను చేతులు ముంచి, నల్లగుడ్డ మీద నాలుగు చన్నులూ పిండాడు. వాచిన చన్ను ధార మిగతా వాటికంటే సన్నం. కానీ నాలుగూ శుభ్రంగా ఉన్నాయి.

"బంగారంలాంటి పొదుగండీ. ఇది ఇస్తేనే ఆ రెంటినీ కూడా తోలుకెళ్తాను," అన్నాడు.

నాన్నగారు గొంతు సవరించుకున్నారు. "అక్కయ్యా, మంచి బేరం..."

"ఇచ్చేద్దాంరా," అంది అత్తయ్య. "ఒట్టి గొడ్లను మేపే రోజులు కావన్నావుగా. దీనికి ఏ చన్ను ఒట్టిపోయిందో నువ్వే చూపించు. ఇప్పుడే పలుపు విప్పి ఇచ్చేస్తాను."

నాన్నగారు వంగి, చెయ్యి చాచారు. అత్తయ్య ఊదారంగు నీళ్ల చెంబు ఆయన వైపు జరిపింది.

ఆయన చాచిన చేతిని కాసేపు అలాగే ఉంచి, తరవాత కండువా సర్దుకోవడానికే చాచినట్టు సర్దుకుని, బేరగాడికి మజ్జిగ ఇచ్చి పంపమని నాతో చెప్పి వెళ్లిపోయారు.