పెరటి హద్దు రాయి

మేస్త్రి గారు పోయారని అశోక్ నగర్‌లో ఉండే ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాయిన నిద్రల్నే పోయిండక్కా" అంది. ఆ రోజు ఆదివారం. పొద్దున్నుంచీ ఆయన కోసం టీ నీళ్లు పెట్టి చూస్తున్నాను.

రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగుకు మేస్త్రిగా చేసి రిటైరైన మనిషి. చిక్కడపల్లిలో కిరాయి గది. ఆదివారం వస్తే సున్నం డబ్బా, కుంచె పట్టుకుని నారాయణగూడ మీదుగా నడిచి, బర్కత్‌పురలో పట్టాల పక్కనున్న మా ఇంటిదాకా వచ్చేవారు. మీలో కొందరైనా ఆయన్ని దారిలో చూసే ఉంటారు. రైల్వే స్థలానికి నిజాం కాలంలో పాతిన హద్దు రాళ్లకు సున్నం వేసేవారు. ఎవరూ చెప్పిన పని కాదు. "తెల్లగ కనవడితేనే రాయి బతుకుతది. మాసిందంటె ఎవడో ఒకడు గోడల కలిపేస్తడు" అనేవారు.

మా పెరట్లోనూ అలాంటి రాయి ఒకటుంది. పట్టాల పక్కన పడి ఉంటే మా తాత తెచ్చి పాతాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లం. బట్టలు దాని మీదే ఉతికేవాళ్లం. మేస్త్రి గారు దానికీ సున్నం వేసి, ఇవతలే కూర్చుని టీ తాగేవారు. రాయి దాటితే మా వంటిల్లు. అమ్మ ఎన్నిసార్లు పిలిచినా లోపలికి రాలేదు. "అటు వస్తె డ్యూటీ ఎక్కినట్టయితది చెల్లె" అనేవారు. రిటైరైనా రైలు దిగలేదు పాపం అని అమ్మ నవ్వేది. ఒక్కోసారి రైలేదీ రాని వేళ వంటింట్లో గిన్నెలు సన్నగా మోగేవి. ఆయన కప్పు కింద పెట్టి లేచి, రైలుకు దారిచ్చినట్టు ఆ చప్పుడు ఆగేదాకా నిలబడేవారు. అప్పుడు మాత్రం మాకు నవ్వు వచ్చేది కాదు.

ఈ రాయిని కూడా మిగతా రాళ్ల వరసలో పాతేద్దామా అని ఒకసారి అడిగాను. "నేనున్నన్ని రోజులు జరపకు బిడ్డా" అన్నారు. కుంచె కడుక్కుంటూ, "రాయి మాట మారుస్తది, బొగ్గు మార్చది" అన్నారు. పాత రోజుల్లో హద్దు రాయి పాతే ముందు గుంతలో బొగ్గు పోసేవారట. రాయిని ఎవరు పీక్కుపోయినా బొగ్గు కుళ్లదు, అసలు చోటు చెబుతుంది.

ఆయన దినాలయ్యాక, ఆయన పేరు చెప్పి ఒక మంచి పని చేద్దామని, మిగతా రాళ్ల వరసలో పాతడానికి నేనూ తమ్ముడూ రాయిని పెకిలించాం. గుంత అడుగున బొగ్గు ఉంది. నల్లగా, నిన్ననే పోసినట్టు.

తాత ఆ రాయిని ఎక్కడినుంచీ తేలేదు. అది ఉన్నచోటే ఉంది, దాన్ని దాటి రైల్వే స్థలంలో మేమే వంటిల్లు కట్టుకున్నాం. మేస్త్రి గారికి మొదటి రోజే తెలిసి ఉంటుంది. ఒక్క మాట బయట అని ఉంటే మాకు వంటిల్లు ఉండేది కాదు. రాళ్ల కోసం అంత పట్టుబట్టే మనిషి మా కోసం నోరు కట్టుకున్నారు. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

రాయిని మళ్లీ ఆ బొగ్గు మీదే నిలబెట్టి సున్నం వేశాం. బట్టలిప్పుడు దాని మీద ఉతకడం లేదు. అమ్మ వంటింట్లోకి వెళ్లేముందు రాయి దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. రైలేదీ రాకపోయినా లోపల గిన్నెలు మోగుతుంటే, ఆయనలాగే అవి ఆగేదాకా నిలబడి, అప్పుడు దాటుతుంది.